ఎమ్మిగనూరు మేడం, నా కడుపుమంట

ఆవిడ పోయాక కర్నూలులో జరిగిన మొదటి క్లాసులో మా మత్తు డాక్టర్లందరం లేచి నిలబడి మౌనం పాటించాం. తెర మీద ఆవిడ ఫోటో పెట్టారు. అది కూడా ఏదో వర్క్‌షాపులో తీసిందే. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి, చేతిలో స్కానింగ్ పరికరం ఉంది, ఎదుటివాళ్లు చెబుతున్నది పూర్తి కాకముందే తను ఏదో అడగబోతూ నోరు తెరిచి ఉంది. మౌనం అయిపోగానే నిర్వాహకుడు మైకు నా వైపు చాపాడు. "మీరు ఆదోని, ఆవిడ ఎమ్మిగనూరు. పక్క ఊరివాళ్లు, మీకు బాగా తెలుసు. రెండు మాటలు చెప్పండి" అన్నాడు. చెప్పాను. గొప్ప మనిషి, తీరని లోటు, మనందరికీ ఆదర్శం. అందరూ తలలు ఊపారు. కూర్చున్నాక పక్కనున్న అనంతపురం డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు కూడా.

ఆ రోజు మైకులో చెప్పని మాట ఇక్కడ చెబుతాను. ఆవిడంటే నాకు ఓర్వలేనితనం. నిండా కుళ్లు. ఆ ఫోటో ముందు తల వంచుకుని నిలబడినప్పుడు కూడా నా మనసులో నడిచింది ప్రార్థన కాదు. నేను పోతే వీళ్లు నా ఫోటో పెడతారా, పెడితే ఏది పెడతారు అని ఆలోచిస్తున్నాను. ఆ క్లాసుల్లో తీసినవాటిలో నాది భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని ఉన్న ఫోటో తప్ప ఇంకొకటి లేదు. అది తెర మీద అంత పెద్దగా ఎలా ఉంటుందో ఊహించుకుని బాధపడ్డాను.

మత్తు డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. రోగి సర్జన్‌కు దండం పెడతాడు, నర్సుకు పండ్లు ఇస్తాడు, ఆయాకు చీర కూడా పెడతాడు. మేము అతనికి మూతికి మాస్కు కట్టుకుని వచ్చి సూది వేసిన ఎవరో. నేను దీనికి ఎప్పుడో అలవాటు పడ్డాను. ఆదోనిలో ఏ నర్సింగ్ హోములో ఆపరేషన్ ఉన్నా ముందు ఫోన్ నాకు వచ్చేది, అది చాలనుకున్నాను. ఎమ్మిగనూరులో ఫోన్ ఆవిడకు పోయేది. మధ్యలో ఉన్న పెద్దకడుబూరు, అటు గోనెగండ్ల, ఇటు కౌతాళం మనుషులు ఏ ఊరి సర్జన్ దగ్గరికి పోతే ఆ ఊరి మత్తు డాక్టరే వాళ్లకు మత్తు ఇచ్చేది. ఇలా హద్దులు గీసుకుని ఇద్దరం హాయిగా బతకొచ్చు. ఆవిడ బతకనిస్తేగా. ఆవిడ ముఖం రోగులకు గుర్తుండటం మొదలైంది.

మా చదువు సంగతి కొంచెం చెప్పాలి. డాక్టరు ఒకసారి పాసైతే చదువు అయిపోయినట్టు కాదు. కొత్త మందులు, కొత్త పద్ధతులు నేర్పడానికి ఆదివారాల్లో క్లాసులు పెడతారు. హాజరైన గంటలకు సర్టిఫికెట్ ఇస్తారు, ఆ గంటలు చాలినన్ని ఉంటేనే డాక్టరుగా మన రిజిస్ట్రేషన్ కొనసాగుతుంది. నేనూ తప్పకుండా పోయేవాణ్ణి. పొద్దున సంతకం, ఇడ్లీ, ఒక ఉపన్యాసం, టీ, ఇంకో ఉపన్యాసంలో చిన్న కునుకు, బిర్యానీ. మధ్యాహ్నం క్లాసు మొదలయ్యే వేళకు నేను కర్నూలు బజారులో ఇంటికి కావలసినవి ఏరుకుంటూ ఉండేవాణ్ణి. సాయంత్రానికి తిరిగి వచ్చి సర్టిఫికెట్ తీసుకునేవాణ్ణి. ఆవిడకూ అదే సర్టిఫికెట్, అవే గంటలు. పై వాళ్ల దృష్టిలో మేమిద్దరం సమానులమే. ఈ ఒక్క సంగతి తలచుకుని నేను చాలా ఏళ్లు ఊరట పొందాను.

ఆవిడ మాత్రం ముందు వరుసలో మధ్య కుర్చీలో కూర్చునేది. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, అందులో స్టీలు నీళ్ల బాటిలు. నేత పని చేసే ఇంట్లో పుట్టిన మనిషి. ఉపన్యాసం అయిపోయి "ఏమైనా సందేహాలా" అని అడగడం ఆలస్యం, చెయ్యి పైకి లేచేది. అందరూ అడిగేటట్టు, తనకు ఎంత తెలుసో చూపించుకోవడానికి అడిగేది కాదు. "సార్, మీరు చెప్పింది బాగుండాది. మా ఊర్లో కరెంటు పోతాది. అప్పుడెట్ల?" అనేది. "ఈ మందు మా ఊర్లో దొరకదు సార్. దొరికే మందుతోనే ఈ పని ఎట్ల చేయల్లో చెప్పండి" అనేది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద పెద్ద వాళ్లు ఆ ప్రశ్నలకు ముందు నీళ్లు తాగేవాళ్లు, తర్వాత ఆలోచించేవాళ్లు. బెంగళూరు డాక్టరైతే కన్నడంలో అడిగేది. భోజనాల దగ్గర కూడా వాళ్లను వదిలేది కాదు. ప్లేటు పట్టుకుని వెంట తిరిగేది. పాపం వాళ్ల బిర్యానీ చల్లారిపోయేది.

నేను మెల్లగా తలుపు వైపు జారుకుంటుంటే ఎక్కడి నుంచో ఆ గొంతు వినబడేది.

"అన్నా, యాడికి పోతాండావు? మధ్యాహ్నం చేతులతో చేసి చూపించే క్లాసుండాది."

"కొంచెం పనుంది మేడం."

"ఏం పని? బెండకాయలు కొనే పనేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. మా వైపు అన్నా అనేది ఎవరినైనా అంటారు, అందులో ప్రత్యేకమైన ప్రేమ ఏమీ ఉండదు. కానీ ఆవిడ నోట వచ్చే అన్నాలో నిజంగానే కొంచెం ఉండేది. నాకు అది ఇంకా మంట.

తిరుగు ప్రయాణంలో నా కారు ఎక్కేది. దారి ఒకటే కదా, కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆ తర్వాత ఆదోని. కారు కదిలిన దగ్గరి నుంచి ఆ రోజు విన్నదంతా మళ్లీ నాకు అప్పజెప్పేది. నేను కునుకు తీసిన ఉపన్యాసాలు, ఎగ్గొట్టిన మధ్యాహ్నాలు, అన్నీ ఆ కారులోనే విన్నాను. వింటున్నట్టు కనబడకుండా విన్నాను. గోనెగండ్ల వచ్చేసరికి ఆవిడ ఒక తీర్మానానికి వచ్చేది. "విన్నవన్నీ మనతో కావులే. ఒక్కటి మారుస్తానన్నా రేపటి నుంచి" అనేది. "పోయినాం, కూచున్నాం, తిన్నాం, వచ్చినాం అంటే ఎట్ల? ఒక్కటన్నా మారల్ల. లేకుంటే పెట్రోలు దండగ." పెట్రోలు నాదని గుర్తు చేయాలనిపించేది. చేస్తే మళ్లీ ఎక్కదేమోనని ఊరుకునేవాణ్ణి.

మాట అని ఊరుకునే మనిషైతే నాకేం పోయింది. ఆవిడ నిజంగానే మార్చేది. మరునాడు థియేటరు నర్సులను, ఆయాలను టీకి కూర్చోబెట్టుకుని "నిన్న ఏం నేర్చుకున్యానంటే" అని మొదలుపెట్టేది. ఒక ఆదివారం, ఆపరేషన్ బల్ల మీద రోగి ఒళ్లు చల్లబడితే ఎన్ని తిప్పలొస్తాయో చెప్పారు. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. ఆవిడ తర్వాతి వారానికల్లా దుప్పట్లు తెప్పించి, వెచ్చబెట్టించి, ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ కప్పించడం మొదలుపెట్టింది. ఎక్కించే సెలైన్ కూడా గోరువెచ్చగా ఉండాలంది. కొన్నాళ్లకు మా ఆదోని నర్సు ఒకామె నాతో మామూలుగా అన్నట్టే అంది. "సార్, ఎమ్మిగనూరులో ఆపరేషనైనోళ్లు వణకరంట."

వణకరంట! మా దగ్గర వణుకుతారని నేనెన్నడూ పట్టించుకోలేదు. వణుకుతారు, కాసేపటికి తగ్గుతుంది. ఆపరేషన్ అన్నాక వణుకు మామూలే అనుకునేవాణ్ణి. ఆవిడ పుణ్యాన అది నా లోపమైంది. అప్పటి నుంచి మా థియేటర్లలో ఒక మాట మొదలైంది. మేడం అయితే. మేడం అయితే ముందే చెప్తాది సార్. మేడం అయితే నొప్పి మందు ముందే ఇస్తాది సార్. నర్సులు చెడ్డగా అనలేదు, ఇద్దరు వంటవాళ్ల చేతి పులుసును పోల్చినట్టు పోల్చేవాళ్లు. నా ఒళ్లు మాత్రం మండిపోయేది. దుప్పట్లు నేనూ తెప్పించాను, కానీ ఆవిడను చూసి అని ఎవరూ అనుకోకుండా వేరే రంగువి తెప్పించాను.

ఇంతలో పత్తిమిల్లు మనిషి సంగతి వచ్చింది. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పని చేసే ఆయన చెయ్యి యంత్రంలో పడి నలిగింది. మనిషి పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఆయాసంతో రొప్పుతున్నాడు. పూర్తి మత్తు ఇస్తే మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకుంటాడో లేదో నమ్మకం లేదు. నేను పరీక్ష చేసి "నావల్ల కాదు, కర్నూలుకు పంపండి" అన్నాను. అది తప్పుడు మాట కాదు, ఈ రోజుకూ నాకు అనుమానం లేదు. కర్నూలు చేరేలోగా చెయ్యి దక్కదేమోనని సర్జన్ భయం. నాకు చెప్పకుండా ఎమ్మిగనూరుకు ఫోన్ చేశాడు. ఆవిడ బస్సెక్కి వచ్చింది.

చంక దగ్గర, చేతికి పోయే నరాల చుట్టూ మందు పెడితే ఆ ఒక్క చెయ్యే మొద్దుబారుతుంది, మనిషి మేలుకునే ఉంటాడు. స్కానింగ్‌లో నరాన్ని చూస్తూ పెట్టాలి. ఆ పద్ధతి నేర్పింది నేను బెండకాయలు కొన్న మధ్యాహ్నాల్లో ఒకటి. ఆ ఆస్పత్రిలో స్కానింగ్ మిషన్ దాని గది దాటి రాకూడదు, రూలు అది. "అదేం పెద్ద పని, మనిషినే ఆ గదికి తెండి" అంది ఆవిడ. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చూడాలని కాదు, పోలేక. ఆ రెండు నిమిషాలు నేను దేవుణ్ణి వేడుకున్నది చెబితే నవ్వుతారు. రోగికి ఏమీ కాకూడదు, కానీ మందు పట్టకూడదు. అంతవరకే అడిగాను.

పట్టింది. శుభ్రంగా పట్టింది. సర్జన్ పని చేస్తున్నంతసేపూ ఆ మిల్లు మనిషి ఆవిడతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

"మేడం, చెయ్యి నాది కానట్టుండాది."

"నీదేలేప్పా. ఊరికే తీసుకున్యాను, సాయంత్రం మళ్లీ ఇస్తాలే."

ఆయన పడుకునే నవ్వాడు. నేను ముందుకు పోయి "బాగా చేశారు మేడం" అన్నాను. ఇంటికి పోయి అన్నం సరిగా తినలేదు. ఆయన ఆస్పత్రి వదిలి పోయే రోజున సర్జన్‌కు దండం పెట్టి, "ఆ మేడం యాడుంటాదో చెప్పండి సార్, ఎమ్మిగనూరు పోయి చూసొస్తా" అని అడిగాడట. మత్తు డాక్టరును వెతుక్కుంటూ పోయే రోగిని నా సర్వీసులో నేను వినలేదు.

ఆవిడ తనకు తెలిసింది దాచుకునే మనిషైనా బాగుండేది. సుఖంగా అసహ్యించుకునేవాణ్ణి. ఆ రోజే చేతులు కడుక్కుంటూ "అన్నా, ఇది నీకూ వస్తాది. నీ చెయ్యి నాకంటే నిదానం. వచ్చే ఆదివారం ఖాళీ పెట్టుకో, నా చెయ్యి మీదే చూసి నేర్చుకుందువు" అంది. నాకు పని ఉందన్నాను.

ఇదంతా వృత్తిలో ఉన్న మంట. ఇంట్లోకి కూడా వచ్చిన మంట ఇంకొకటి ఉంది.

మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లు. తీసేయాలన్నారు. సొంత మనిషికి మనమే మత్తు ఇవ్వం, చెయ్యి వణుకుతుందని భయం. కర్నూలు నుంచి పెద్ద ప్రొఫెసరును పిలిపిస్తానన్నాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఎమ్మిగనూరు మేడంను పిలవండి."

"ప్రొఫెసరు ఆమెకే పాఠం చెప్పినాయన."

"చెప్పనీండి. మీకు కోపం వస్తే రానీండి. నాకు ఆమే కావల్ల."

నా ఇంట్లో, నా అన్నం వండే మనిషి, నా కంటికి ఎదురుగా ఆ మాట అంది. ఏం చేస్తాను, ఫోన్ చేశాను. "అయ్యో, వదినకా? తప్పకుండా వస్తానన్నా" అంది ఆవిడ.

ఆపరేషన్ రోజు పొద్దున కారులో నేనే మా ఆవిడను అడిగాను, "ఏమీ తినలేదు కదా?" అని. "లేదు" అంది. ముందు రోజు రాత్రి నుంచి వట్టి కడుపున ఎందుకు ఉండాలో డాక్టరు భార్యకు చెప్పాల్సిన పని లేదు. కడుపులో ఏమైనా ఉంటే, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోతే మనిషి మిగలడం కష్టం. మా వృత్తిలో అందరికంటే ముందు నేర్చుకునే భయం అదే.

ఎమ్మిగనూరు మేడం ఆకుపచ్చ బట్టల్లో వచ్చి మంచం అంచున కూర్చుంది. నాడి పట్టుకుంది. తిన్నావా అని అడగలేదు. ఆవిడ ఎవరినీ అలా అడగదు. ఒకసారి కర్నూలులో వట్టి కడుపు గురించి పెద్ద ఉపన్యాసం జరిగింది. నేను ఆవలించాను. ఆవిడ కారులో దారంతా దాని గురించే మాట్లాడింది. "తిన్నావా అంటే మనోళ్లు ఎవరన్నా తిన్నానంటారా అన్నా? పళ్లెం ముందర కూచుంటేనే వాళ్లకు తిండి. మిగతాది లెక్కే లేదు" అంది. ఆ మరునాటి నుంచి అడిగే పద్ధతి మార్చేసింది. రోగి చేత పొద్దుటి నుంచి జరిగిందంతా కథ చెప్పించేది.

"వదినా, పొద్దున ఎన్నింటికి లేచినావు?"

"తెల్లారేలోగా లేచినాను."

"లేచి?"

"స్నానం చేసినాను. దేవునికి దీపం పెట్టినాను."

"దీపం పెట్టినాక? ఇంట్లో పెద్దోళ్లు ఉండారు కదా, ఏమన్నారు?"

"అత్తమ్మ దిష్టి తీసింది. మంత్రాలయం ప్రసాదం పెట్టింది."

"ఎంత?"

మా ఆవిడ గుప్పిలి మూసి చూపించింది. "బీపీ మాత్ర వట్టి కడుపున వేసుకుంటే మంట పుడుతుందని ఒక గ్లాసు పాలు ఇచ్చింది" అని చెప్పింది. అప్పటికిగానీ తనేం చెప్పిందో తనకు తెలియలేదు. "ప్రసాదమే కదా" అని నా వైపు చూసింది.

ముందు భయం వేసింది, అది అబద్ధం కాదు. కానీ ఆ భయం వెనకాలే, ఆగకుండా, రెండోది వచ్చింది. నా వంటింట్లో, మా అమ్మ చేతిలో, నా భార్య గ్లాసులో ఏముందో నాకు తెలియలేదు, ఈవిడకు తెలిసింది. మా ఇల్లు గుడి సేవ చేసిన వంశం. పండుగ లేని రోజున కూడా ప్రసాదం లేకుండా గుమ్మం దాటరు. ఈ ప్రశ్న పుట్టాల్సింది నా బుర్రలో కదా.

మేడం లేచి, నా ముఖం ఒకసారి చూసి, బయట ఉన్న సర్జన్ దగ్గరికి పోయింది. ఆయన నా పాత మిత్రుడు, నోటికి హద్దు లేని మనిషి. నేను వెనకే పోయాను.

"అన్నా, ఈ పొద్దు వద్దు. నా మానిటర్ ఏందో తేడాగా చూపిస్తాండాది. రేపు పెట్టుకుందాం" అంది ఆవిడ.

"నీ మిషన్ కూడా చెడిపోతాదా మేడం? ఊర్లో చాటింపు వేయించల్ల" అని ఆయన పెద్దగా నవ్వాడు. ఆవిడా నవ్వింది.

నన్ను కాపాడుతోంది. నా పరువు తన చీర కొంగులో దాస్తోంది. దాన్ని నేను ఎలా మోయను? ఎక్కడ కలిసినా, ఏ హాల్లో ఎదురుపడినా ఆ దయ నా నెత్తిన ఉంటుంది. ఆవిడ ఎవరికీ చెప్పదు, ఒక్కసారి కూడా గుర్తు చేయదు, అదే నాకు భరించరానిది.

"మానిటర్ బాగానే ఉండాది" అన్నాను గట్టిగా. "చెడింది మా అమ్మ దగ్గర. ప్రసాదం పెట్టింది, పాలు తాపింది. నేను అడిగితే తినలేదంది. ఈమె అడిగితే చెప్పింది."

సర్జన్ పడీ పడీ నవ్వాడు. థియేటరు మొత్తం నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి "ఏంటికి చెప్పినావన్నా? నేను చూసుకుంటాంటి కదా" అంది, నిజంగా నొచ్చుకుని. "మీరు చూసుకోవాల్సిన అవసరం లేదు" అన్నాను. కటువుగానే అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "అమ్మను ఏమీ అనొద్దులే, పెద్ద మనిషి" అని సంచి భుజాన వేసుకుని పోయింది.

ఇంటికి పోయి అమ్మను అడిగితే అమ్మ ఆశ్చర్యపోయింది. "ప్రసాదం తినేదేందిరా? అది దేవునిది. కడుపు లెక్కలోకి ఎట్ల వస్తాది?" అంది. ఇంత స్పష్టంగా ఏ ఉపన్యాసంలోనూ ఎవరూ చెప్పలేదు.

మరునాడు ఆపరేషన్ బాగా జరిగింది. మా ఆవిడ కళ్లు తెరవగానే మసక మసకగా వెతికింది నన్ను కాదు. "మేడం ఉందా?" అంది. ఆవిడ అక్కడే ఉంది, దుప్పటి సర్దుతూ. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంట్లో ఆ చెయ్యి ఎంత మెత్తనిదో, నిద్ర పట్టేముందు ఏం కబురు చెప్పిందో, అదే పాట. ఒకరోజు మా ఆవిడ "మీరూ మీ పేషెంట్లతో అట్ల మాట్లాడతారా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

తర్వాత మేడంకు జబ్బు చేసింది. ఆ రోజుల గురించి నేను రాయను, చూడటానికి పోయింది కూడా ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా మంచంలో పడుకుని ఫోనులో ఏదో క్లాసు వింటూ ఉంది. చెవిలోది తీసి, "అన్నా, బెంగళూరులో గాలి మందు లేకుండా మొత్తం నరంలోంచే మత్తు ఇచ్చేది నేర్పిస్తాండారంట. లేచినాక పోదాం" అంది. సరేనన్నాను. ఆవిడ లేవలేదు.

ఆవిడ పోయాక ఎమ్మిగనూరు సర్జన్లు నాకు ఫోన్ చేశారు. ఆదోని నాది, ఎమ్మిగనూరు నాది. కోరుకున్నదంతా ఒక్కసారే ఒళ్లో పడింది. పోయి చూస్తే ఏముంది, అక్కడ ప్రతి గోడా ఆవిడే. దుప్పటి ఎలా మడవాలో ఆవిడ చెప్పింది, సూదుల ట్రే ఎటు పెట్టాలో ఆవిడ చెప్పింది. నేను ఏ పని మొదలుపెట్టినా నర్సు ముఖంలో ఆ రెండు మాటలు కనబడేవి, మేడం అయితే. బతికి ఉన్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు చేస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది. పోయిన మనిషితో పోటీ పడి గెలవడం ఎలాగో నాకు తెలియలేదు.

అందుకే ఆవిడ చెప్పిన ఆ క్లాసుకు బెంగళూరు పోయాను. మేడం జ్ఞాపకార్థం పోయానని మా ఆవిడ అందరితో చెప్పుకుంది. కాదు. మేడంకు తెలియనిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నాకు తెలియాలని పోయాను. పొద్దున నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాను. చేతులతో చేశాను. రాని చోట మళ్లీ చేశాను. భోజనాల దగ్గర నేర్పిన డాక్టరును వదలకుండా అడిగాను, ఆయన ప్లేటు చల్లారిపోతున్నా జాలిపడలేదు. తిరిగి వచ్చి ఆదోనిలో, ఎమ్మిగనూరులో జాగ్రత్తగా మొదలుపెట్టాను. చేతికి లొంగడానికి చాలా రోజులు పట్టింది.

మొన్న ఎమ్మిగనూరులో ఒకామె వచ్చింది. గోనెగండ్ల వైపు, కూలి పని చేసుకునే మనిషి. కడుపు ఆపరేషన్. నన్ను చూడగానే "మేడం లేదంట కదా సార్" అని కళ్లు తుడుచుకుంది. అంతకు ముందు ఒకసారి ఆవిడే మత్తు ఇచ్చిందట. "బంగారు తల్లి సార్. కాకుంటే మెలకువ వచ్చినాక వాంతులకు సచ్చిపోయినాను. పాపం ఆమె నా పక్కనే కూచుని ఏమేమో సూదులేసింది, తగ్గలేదు. ఈసారి కూడా అట్లనే అయితాదేమోనని బయం" అంది. ఊపిరితో పీల్చే గాలి మందు కొందరి ఒంటికి పడదు, లేచాక వాంతులవుతాయి. నేను గాలి మందు ముట్టలేదు, మొత్తం నరంలోంచే ఇచ్చాను.

మరునాడు పొద్దున వార్డుకు పోయాను. రోగిని మళ్లీ చూడటానికి పోయే అలవాటు నాకు ఈ మధ్యే వచ్చింది. ఆమె మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. నన్ను గుర్తుపట్టింది. మాస్కు లేకుండా గుర్తుపట్టింది!

"ఒక్క వాంతి కూడా కాలేదు సార్" అంది. నర్సు పక్కనే ఉంది, బాగా వినబడేటట్టే అంది. "పోయినామెను అనగూడదు గానీ, మేడం కంటే మీరే బాగా చేసినారు."

ఈ మాట కోసం నేను కళ్లలో నిప్పులు పోసుకుని ఎన్నేళ్లు కూర్చున్నానో ఆమెకు తెలియదు. తల ఊపి బయటికి వచ్చాను. మెట్ల మీద ఆగాను. ఈ మాట ఎవరికైనా చెప్పాలి. సర్జన్‌కు చెబితే నవ్వుతాడు. మా ఆవిడకు చెబితే ఏడుస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఒక్క మనిషికే, ఆ మనిషి ముఖం మాడిపోవడం చూడాలని. అక్కడ నిలబడి ఎంత ప్రయత్నించినా ఆ ముఖం మాడినట్టు ఊహకు రాలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, "అవునా? ఏ మందు ఎంత ఇచ్చినావన్నా? యాడ మొదలుపెట్టినావు? చెప్పు, నాకూ చెప్పు" అంటూనే వచ్చింది.

చెప్పేవాణ్ణి కాదు. అంత తేలిగ్గా చెప్పేవాణ్ణే కాదు. కనీసం ఒక వారం బతిమాలించుకుని, అప్పుడు చెప్పేవాణ్ణి.